దొర ఊరిని చూశాడు, ఊరు దొరను చూసింది

ఆఫ్రికా పల్లెలకు వెళ్లిన మిషనరీలు ఇంటికి రాసిన తొలి ఉత్తరాలు నాలుగు చదివితే చాలు, అయిదోది చదవకుండానే చెప్పేయొచ్చు. ఎండ, దుమ్ము, ఎడ్లబండి, గడ్డి కప్పిన గుడిసెలు, చుట్టూ మూగిన పిల్లలు, చివర దేవుడి కృప. రాసేవాడు మారతాడు, ఊరి పేరు మారుతుంది, ఉత్తరం మాత్రం మారదు. ఆ కొత్త మనిషిని చూసి ఊరు ఏమనుకుందో అందులో వెతికితే దొరకదు. ఊరి చేతిలో కలం లేదు మరి.

దీనికి కాస్త భిన్నంగా నడుచుకున్న మనిషి ఒకాయన ఉన్నాడు. మీకు తెలిసినవాడే. బడిలో భూగోళం పాఠంలో విక్టోరియా జలపాతం పక్కన కనిపించిన డేవిడ్ లివింగ్‌స్టన్. ఇవాళ నేను జలపాతం దాకా పోను. అక్కడికి చేరకముందు ఆయన పదేళ్లకు పైగా మామూలు పల్లె మిషనరీగా బతికాడు. ఆ రోజుల గురించి 1857లో అచ్చయిన తన ప్రయాణాల పుస్తకంలో రాసుకున్నాడు. ఊరు తనను చూసి నవ్విన నవ్వునూ, తనను నిలదీసిన మాటనూ కూడా అందులో దాచకుండా పెట్టాడు. నదులు, సరస్సులు కనిపెట్టినందుకు లోకం ఆయనను మెచ్చుకుంటుంది. నాకు మాత్రం ఈ పేజీలే ఎక్కువ ఇష్టం.

స్కాట్లండులో బ్లాంటైర్ అనే ఊళ్లో 1813లో పుట్టాడు. పదేళ్ల వయసుకే నూలు మిల్లులో పనికి కుదిరాడు. కూలి చేసుకుంటూనే గ్లాస్గోలో వైద్యం చదివాడు. ఆఫ్రికా ఆయన మొదటి కోరిక కాదు, చైనా వెళ్లాలనుకున్నాడు. ఇంతలో నల్లమందు యుద్ధం వచ్చి ఆ దారి మూసుకుపోయింది. ఆ సమయంలోనే రాబర్ట్ మోఫాట్ అనే పెద్దాయన దక్షిణాఫ్రికా నుంచి లండన్ వచ్చి ఉన్నాడు. కురుమన్ అనే చోట ఏళ్ల తరబడి పాతుకుపోయిన మిషనరీ. అక్కడికి ఉత్తరాన ఉన్న మైదానంలో పొద్దున పూట వెయ్యి ఊళ్ల పొగ లేవడం చూశాననీ, ఆ ఊళ్లలో ఒక్కదానికీ సువార్త అందలేదనీ చెప్పాడు. వెయ్యి ఊళ్ల పొగ! ఇరవై ఏడేళ్ల కుర్రవాడికి ఇంకేం కావాలి?

పంపినది లండన్ మిషనరీ సొసైటీ. మన కడప, గుత్తి ప్రాంతాల పాతకాపులు ‘లండన్ మిషన్’ అని పిలిచేది దీన్నే. ఇదే సొసైటీ పంపగా 1805లో క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నంలో దిగారు, తెలుగు నేర్చుకున్నారు, సువార్తలను తెలుగు చేసే పనికి పూనుకున్నారు. 1809లో ఒకరు, 1810లో మరొకరు చనిపోయారు. ఓడ ఎక్కిన మిషనరీ తిరిగి వస్తాడన్న ఆశ ఇంట్లోవాళ్లకు పెద్దగా ఉండని కాలం అది.

లివింగ్‌స్టన్ 1840 డిసెంబరులో ఓడ ఎక్కాడు. కేప్‌టౌను మీదుగా అల్గోవా అఖాతంలో దిగి, అక్కడి నుంచి ఎడ్లబండి మీద 1841 జులై 31న కురుమన్ చేరాడు. మోఫాట్ ఇంకా లండన్‌లోనే ఉన్నాడు.

కురుమన్ చూడముచ్చటైన చోటు. అక్కడ నేలలోంచి ఒక పెద్ద ఊట పుడుతుంది. ఈనాటికీ రోజుకు రెండు కోట్ల లీటర్ల వరకు నీళ్లిస్తుందంటారు. మోఫాట్ కుర్రతనంలో తోటపని నేర్చిన మనిషి. కాలువ తవ్వి, ఆ నీళ్లు మళ్లించి, ఎడారి అంచున పండ్లతోట పెంచాడు. రాతిగోడల గుడి కట్టాడు. అంతా బాగానే ఉంది, వెయ్యి ఊళ్లు మాత్రం ఎక్కడా లేవు. చుట్టుపక్కల జనం పలచగా ఉన్నారు. గుడికి వచ్చేవాళ్లు ఇంకా తక్కువ. ఉన్న కొద్దిమంది మిషనరీల మధ్య సఖ్యత అంతంతమాత్రం. లివింగ్‌స్టన్ మొదటి ఉత్తరాల్లో ఈ నిరాశ బాహాటంగానే కనిపిస్తుంది. విరాళాలిచ్చే జనానికి సభల్లో చెప్పే ఆఫ్రికా ఒకటి, బండి దిగితే కనిపించే ఆఫ్రికా ఇంకొకటి. ఈ తేడా ఆయన కాలంతో పోయిందని నేననుకోను.

మోఫాట్ భార్య మేరీ గురించి ఒక్క ముక్క చెప్పి ముందుకు పోతాను. ఇంగ్లండు నుంచి వచ్చిన ఆ ఇల్లాలు పుట్టింటికి ఉత్తరం రాస్తూ, మేమిక్కడ ఇంటి నేలను ఆవుపేడతో అలుకుతాం, మీకు వింతగా ఉంటుందేమో అని రాసింది. మొదట్లో ఆమెకూ మనసు ఒప్పలేదట. తర్వాత దుమ్ము అణగడానికీ, గోమార్లు చేరకుండా ఉండడానికీ దీన్ని మించింది లేదని తేలి, శనివారం ఎప్పుడొస్తుందా అని ఎదురు చూసేదట. మన పల్లెల్లో ఏ అమ్మమ్మకు చెప్పినా, ఇందులో వింతేముందమ్మా అంటుంది. ఊరికి ఏదో నేర్పడానికి వెళ్లిన మనిషి ఊరి దగ్గర నేర్చుకున్న సంగతి ఒకటి ఇలా ఉత్తరంలో దొరికితే నాకు సంతోషంగా ఉంటుంది.

అయితే ఊరు మోఫాట్‌ను అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఆయన 1821 నుంచి అక్కడున్నాడు. మొదటి బాప్తిస్మాలు 1829లో. ఎనిమిదేళ్లు ఒక్కరూ రాలేదన్నమాట. ఆ మధ్యలో వానలు పడలేదు. అక్కడి త్స్వానా జనానికి వాన అంటే జొన్నచేను, పశువులు, ప్రాణం. వానలు కురిపించే వైద్యుడిని దూరం నుంచి పిలిపించారు. అతడు ఏం చేసినా మబ్బు పట్టలేదు. అడ్డుపడుతున్నది ఎవరని వెతికితే కొత్తగా వచ్చిన మనుషులే కనిపించారు. మోఫాట్ బండిలో ఒక ఉప్పు సంచి తెచ్చాడు, దానివల్లనే వాన పోయిందన్నారు. విప్పి చూస్తే ఉప్పు కాదు, గోడలకు పూసే తెల్లమట్టి. సరే, గుడిగంట అన్నారు. ఆ మోతకు మబ్బులు బెదిరి పోతున్నాయట. చివరికి ఒక నాయకుడు బల్లెం పట్టుకుని వాకిట్లోకి వచ్చి, మీరు ఊరు విడిచి పొండి అన్నాడు. మోఫాట్ పోలేదు.

గంట మోతకు మబ్బులు బెదరడమేమిటని మనం నవ్వొచ్చు. కానీ వాళ్ల వైపు నుంచి చూడండి. ఏటేటా వచ్చే వాన రాలేదు. ఊళ్లో కొత్తగా చేరినవి రెండే: ఒక తెల్ల కుటుంబం, ఒక గంట. కారణం వెతికేవాడు మొదట దేనివైపు చూస్తాడు?

లివింగ్‌స్టన్ తెలివైన పని ఒకటి చేశాడు. భాష పట్టుబడాలంటే తెల్లవాళ్ల మధ్య ఉంటే లాభం లేదని, కురుమన్ వదిలి 1842లో ఆరు నెలల పాటు బక్వేనా తెగవాళ్ల మధ్య ఉండిపోయాడు. మాట, ఆచారం, ఆలోచనా తీరు అక్కడే నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో జరిగిన ముచ్చట ఇది. ఎడ్లు జబ్బు పడితే కాలినడకన బయల్దేరాడు. కొత్తగా కూడా వచ్చిన మనుషులు, ఇతనికి మన మాట రాదులే అని, తమలో తాము మాట్లాడుకుంటున్నారు. ఈయనలో సత్తువ లేదు, సన్నటి మనిషి, కాళ్లకు ఆ సంచులు తొడుక్కున్నాడు కాబట్టి లావుగా కనిపిస్తున్నాడు, రేపో మాపో చతికిలబడతాడు అని. ఆ సంచులు ప్యాంటే! మన దొరగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. వాళ్లను రోజుల తరబడి ఆపకుండా పరుగులాంటి నడక నడిపించాడు. నడవగలవాడేనని వాళ్ల నోటి నుంచి వినేదాకా వేగం తగ్గించలేదు.

ఊరి కంటికి మొట్టమొదట ఆనింది ఈయన మతమూ కాదు, మందులపెట్టే కాదు. ఈ మనిషి నడవగలడా లేడా అన్నది వాళ్లు చూశారు. బండ్లు ఆగిపోయే దేశంలో అది సరైన ప్రశ్నే.

ఆ ఏడే బుబి అనే నాయకుడి దగ్గర, నాకూ వాన కురిపించడం వచ్చు అని లివింగ్‌స్టన్ సవాలు చేశాడు. మంత్రం లేదు, ఏటి నీళ్లను చేలకు మళ్లించడమే. ఉన్నది ఒక్క పార, దానికీ కామ లేదు. మనుషులు కర్రలు చెక్కుకొచ్చి తవ్వారు. మట్టిని చెక్క గిన్నెల్లో, తాబేటి చిప్పల్లో, కప్పుకున్న తోళ్లలో మోశారు. ఊరి వానవైద్యుడు, ఇదా ఈ పరదేశి ఎత్తు అని నవ్వి తానూ తవ్వకంలో చేరాడు. ఒకరి వృత్తిని ఒకరు ఎరిగిన ఇద్దరు మనుషులు ఇలా ఒకే కాలువలో నిలబడటం మిషను చరిత్రలో ఎక్కువగా కనిపించదు.

ఇక సెచేలే. బక్వేనాలలో ఒక శాఖకు రాజు. లివింగ్‌స్టన్ ఆయన ఊళ్లో కాపురం పెట్టిన మొదటి రోజే అక్షరాలు నేర్చేసుకున్నాడు. తర్వాత చదువులో పడి వేట మానేశాడు, ఒళ్లు కూడా చేశాడు. యెషయా గ్రంథమంటే ఆయనకు మహా ఇష్టం. మాట్లాడటం తెలిసిన మనిషి అని యెషయాను మెచ్చుకునేవాడు. రాజుకు రాజకీయం తెలుసు కదా, మంచి వక్తను గుర్తుపట్టాడు.

మొదట్లోనే ఆయన అడిగిన ప్రశ్న ఒకటుంది. చివరి తీర్పు గురించి మీ తాతముత్తాతలకు తెలుసా అన్నాడు. తెలుసు అన్నాడు లివింగ్‌స్టన్. మరి మా తాతలకు ఎవరూ వచ్చి ఎందుకు చెప్పలేదు, వాళ్లంతా ఏమీ తెలియకుండానే పోయారు కదా అన్నాడు సెచేలే. దూరాలు, దారులు, ఎడారులు అని లివింగ్‌స్టన్ ఏదో జవాబు చెప్పాడు. జవాబు చెప్పానని రాశాడు గానీ, ఆ ప్రశ్న బరువు తీరిందని నాకనిపించలేదు.

ఇంకోసారి సెచేలే, మాటలతో చెబితే జనం నమ్ముతారా, నేను నా పెద్దలను పిలుస్తాను, ఖడ్గమృగం తోలు కొరడాలతో నాలుగు తగిలిస్తే అందరూ ఒక్కసారే నమ్ముతారు అన్నాడు. లివింగ్‌స్టన్ వద్దన్నాడు. రాజు తన జనాన్ని ఎరిగిన మనిషి, పాదిరి తన గ్రంథాన్ని ఎరిగిన మనిషి.

నీళ్లు చాలక 1847లో ఊరంతా లేచి కొలొబెంగ్ ఏటి ఒడ్డుకు మారింది. ఇప్పటి బోట్స్వానా రాజధాని గాబరోన్‌కు పడమటి వైపు ఉంటుంది. ఏటికి కట్ట కట్టారు, కాలువ తవ్వారు, మొదటి ఏడు పంట వచ్చింది. తర్వాత వాన ముఖం చాటేసింది. ఏడాది కాదు, వరసగా ఏళ్లు. ఏరు ఎండింది. చచ్చిన చేపలను తినడానికి చుట్టుపక్కల హైనాలన్నీ వచ్చినా తరగలేదట. మధ్యాహ్నం నేలలో మూడంగుళాల లోతున థర్మామీటరు పెడితే 132 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది. ఆడవాళ్లు ఒంటి మీది నగలు అమ్మి పక్క తెగల దగ్గర జొన్నలు కొన్నారు. పిల్లలు దుంపలు తవ్వుకొచ్చారు.

ఇక్కడ చిక్కుముడి చూడండి. సెచేలే రాజే కాదు, పేరున్న వానవైద్యుడు కూడా. ఆ పని ఆయన రాజరికంలో భాగం. క్రైస్తవుడు కావాలంటే అది మానాలి. మిగతావన్నీ వదలడం ఒక ఎత్తు, ఇది వదలడం ఒక ఎత్తు అని ఆయనే ఒప్పుకున్నాడు. ఆయన మానాడు. వాన రాలేదు. ఊరు రెండూ కలిపి చూసింది. దొర మా రాజును మందు పెట్టి కట్టేశాడు అంది.

అప్పుడు ముసలి పెద్దలు లివింగ్‌స్టన్ దగ్గరకు వచ్చి బతిమాలారు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి రాజును వాన కురిపించనివ్వు, చేలు ఎండిపోతే మేం చెట్టుకొకరం పుట్టకొకరం అవుతాం, ఆ నాలుగు చినుకులు పడనిస్తే మేమంతా బడికి వస్తాం, నీ ఇష్టం వచ్చినంత సేపు పాడతాం, ప్రార్థిస్తాం అన్నారు. రాజుగారి మామ ఒకాయన, నువ్వంటే మాకు సొంత మనిషిలా ఇష్టం, ఈ ఎడతెగని ప్రసంగాలూ ప్రార్థనలూ ఒక్కటి మానెయ్యి, ప్రార్థనలు చేయని పక్క తెగలకు వానలు పడుతున్నాయి, మాకు లేవు, చూడు అన్నాడు. ఆయన అబద్ధమేమీ ఆడలేదు. కనుచూపు మేరలోని కొండల మీద వాన పడుతుంటే వీళ్ల చేలు ఎండుతున్నాయి.

రాయలసీమలోనో, మహబూబ్‌నగర్ పల్లెల్లోనో పెరిగినవాళ్లకు ఈ పెద్దల మాట కొత్తగా ఉండదు. వాన లేకపోతే విరాటపర్వం చదివించిన ఊళ్లు మనవి. కప్పను రోకలికి కట్టి ఇంటింటా నీళ్లు పోయించిన ఊళ్లు మనవి.

లివింగ్‌స్టన్ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం వానవైద్యుడితో ఆయన చేసిన వాదం. ఇద్దరు వైద్యులు, ఇద్దరి దగ్గరా మందులు. మబ్బులకు నువ్వు ఆజ్ఞ ఇవ్వగలవా, అది దేవుడి పని కదా అని మొదలుపెట్టాడు లివింగ్‌స్టన్. అవును, దేవుడిదే, ఈ మందుల ద్వారా నేను ఆయననే వేడుకుంటున్నాను అన్నాడు అవతలివాడు. మీకు తుపాకులు, గుర్రాలు, బళ్లు ఇచ్చాడు, మాకు ఈ చిన్న విద్య ఒక్కటి ఇచ్చాడు, మీ పుస్తకం మాకు అర్థం కాకపోయినా మేం దాన్ని చిన్నచూపు చూడం, మీరు మా విద్యను ఎందుకు చూడాలి అని కూడా అడిగాడు.

మబ్బు పట్టేదాకా ఆగి అప్పుడు మందు వేస్తావు, వాన పడితే గొప్ప నీదంటావు అన్నాడు లివింగ్‌స్టన్. దానికి జవాబు వినండి. నువ్వూ రోగికి మందిస్తావు, ఒక్కోసారి దేవుడు బతికిస్తాడు, పేరు నువ్వు తీసుకుంటావు. ఒక్కోసారి రోగి పోతాడు, అంతమాత్రాన నువ్వు మందులు మానేస్తున్నావా? వాన రాకపోతే నేనెందుకు మానాలి?

లివింగ్‌స్టన్ ఇరుకున పడ్డాడు. ఓపిక పట్టి చూడు, మందు లేకుండానే దేవుడు వాన ఇస్తాడు అన్నాడు. వానవైద్యుడు నోరు వెళ్లబెట్టాడు. తెల్లవాళ్లు తెలివైనవాళ్లని ఈ పొద్దుటి దాకా అనుకున్నాను, ఆకలితో చచ్చి చూద్దామని ఎవడైనా పరీక్ష పెట్టుకుంటాడా, చావేమన్నా తీపా అన్నాడు. చివర్లో, నువ్వు వాళ్లనూ మోసం చేస్తున్నావు, నిన్నూ మోసం చేసుకుంటున్నావు అని లివింగ్‌స్టన్ అంటే, అయితే మనం ఇద్దరమయ్యాం అని ముగించాడు.

ఈ వాదం పుస్తకంలో ఎలా రాసుకోవాలన్నది పూర్తిగా లివింగ్‌స్టన్ చేతిలో ఉన్న పని. చివరి మాట తనదిగా పెట్టుకోవచ్చు. అవతలివాడిచేత నోరు మూయించవచ్చు. పెట్టుకోలేదు, మూయించలేదు. పైగా ఇలాంటి వాదనలు తప్పని ఒక్కరినైనా ఒప్పించలేకపోయానని ఒప్పుకున్నాడు. ఊరు మిషనరీని ఎలా చూసిందో తెలుసుకోవాలంటే ఈ నాలుగు పేజీలకు మించిన పత్రం నాకు కనిపించలేదు.

1848 అక్టోబరులో సెచేలే బాప్తిస్మం తీసుకున్నాడు. అయిదుగురు భార్యల్లో నలుగురికి కొత్త బట్టలు పెట్టి, వాళ్ల గుడిసెల్లో ఉన్న తన సామానంతా ఇచ్చి పుట్టిళ్లకు పంపాడు. చెప్పడానికి ఒక వాక్యం. కానీ వాళ్లు మామూలు ఇళ్ల ఆడపిల్లలు కారు. వాళ్లలో కొందరు, ఒకప్పుడు సెచేలే పోగొట్టుకున్న రాజ్యం తిరిగి రావడానికి అండగా నిలిచిన పెద్దల బిడ్డలు. ఒక్క రోజులో నాలుగు కుటుంబాలు ఎదురుతిరిగాయి. ఆ ఆడవాళ్లు ఏ తప్పు చేశారని? ఆ ప్రశ్న లివింగ్‌స్టన్‌నూ బాధపెట్టింది. బాప్తిస్మం రోజున కొందరు ముసలివాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నారు, రాజు దొర పాలపడ్డాడని. చనిపోయినవాళ్ల మెదడు కలిపిన నీళ్లు తాగిస్తారని పుకారు ఉండటంతో, వట్టి నీళ్లే పోయడం చూసి ఆశ్చర్యపోయారు. ఆ తర్వాత బడికీ గుడికీ రాజు ఇంటివాళ్లు తప్ప వచ్చేవాళ్లు దాదాపు లేకపోయారు.

మన వైపు దీనికి పూర్తిగా తలకిందులైన కథ జరిగింది. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్న వేలమందికి కూలి చూపించాడు. కరువు తీరాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. అక్కడ వాన లేనందుకు ఊరు మిషనరీకి దూరమైంది, ఇక్కడ వాన లేని కాలంలో పని ఇచ్చినవాడికి దగ్గరైంది. మాదిగపల్లెల జనం తమకు కూలి, గౌరవం ఎవరిస్తున్నారో కనిపెట్టారు. బక్వేనా పెద్దలు తమ నుంచి ఏది పోతున్నదో కనిపెట్టారు. ఎవరి లెక్క వాళ్లది. కథ మాత్రం రెండు చోట్లా ప్రసంగాల గొప్పగానే రాసుకున్నారు.

1849లో, పంపేసిన భార్యల్లో ఒకామె గర్భవతి అని తెలిసింది. సెచేలే తప్పు ఒప్పుకున్నాడు. లివింగ్‌స్టన్ ఆయనను ప్రభువు బల్లకు దూరం పెట్టాడు. ఆ ఏడే కలహారి ఎడారి దాటి న్గామి సరస్సు చూశాడు, ఆ పైన దారులే ఆయన జీవితమయ్యాయి. 1852లో బోయర్లు, అంటే దక్షిణాఫ్రికాలో స్థిరపడిన డచ్చి సంతతివాళ్లు, సెచేలే జనం మీద దాడి చేశారు. కొలొబెంగ్‌లో లివింగ్‌స్టన్ ఇల్లు కూడా కొల్లగొట్టి పుస్తకాలు చించి పారేశారు. సెచేలే నేరుగా విక్టోరియా రాణికి మొర పెట్టుకుంటానని కేప్‌టౌను దాకా వెళ్లాడు. డబ్బులైపోయి వెనక్కి వచ్చాడు.

వచ్చాక ఆయన చేసిన పని లివింగ్‌స్టన్ కూడా ఊహించి ఉండడు. ఏ మిషనరీ లేకుండానే బడి పెట్టాడు, పిల్లలకు చదువు చెప్పాడు, ఆదివారం తానే వాక్యం చెప్పాడు. పక్క తెగలకూ చెప్పాడు. 1857లో జర్మనీ నుంచి హెర్మన్స్‌బుర్గ్ మిషనరీలు వచ్చేసరికి ఆ ఊళ్లో ఆరాధన నడుస్తూనే ఉంది. ఆయన వానపనీ చేయించేవాడు. కొత్త మిషనరీలకు అది మింగుడుపడలేదు, ఆయన సగం క్రైస్తవుడేనన్నారు. సెచేలే 1892 దాకా బతికాడు. 19వ శతాబ్దంలో దక్షిణాఫ్రికా ప్రాంతంలో క్రైస్తవం వ్యాపించడానికి దాదాపు ఏ తెల్ల మిషనరీ కన్నా ఆయనే ఎక్కువ చేశాడని బోట్స్వానా చరిత్ర రాసిన నీల్ పార్సన్స్ తేల్చాడు. లివింగ్‌స్టన్ చేతుల మీదుగా బాప్తిస్మం పొందినవాడు మొత్తం మీద ఆయనొక్కడే అని చెబుతారు. బల్లకు దూరం పెట్టింది కూడా ఆయననే.